లంగరు, మజిలీ: ఒకే తీరానికి రెండు దారిపుస్తకాలు

మదనపల్లె మీద కురిసిన వాన బాహుదాలోకి, అక్కడినుంచి చెయ్యేటిలోకి, పెన్నలోకి చేరి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర సముద్రంలో పడుతుంది. కుప్పం ప్రాంతపు వాన పాలారులోకి దిగి, తమిళదేశం మీదుగా నడిచి, చెన్నపట్నానికి దక్షిణాన సదరాసు దాపున అదే సముద్రంలో కలుస్తుంది. పుంగనూరు ఈ రెండు ఊళ్లనూ కలిపే బాటమీద ఉంది. తీరానికి పోయి చూస్తే ఆ రెండు నదుల మొగల మధ్య ఉన్నది రెండు డిగ్రీల అక్షాంశం పైచిలుకు దూరం. అంత పొడవునా ఇసుకే. పడవ వెళ్లి తలదాచుకోవడానికి సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండకొమ్ము లేదు, లోతైన అఖాతం లేదు. తెరచాప పడవలో ఈ తీరం వెంట పోయేవాళ్లకు రాత్రి లంగరు ఎక్కడ వెయ్యాలన్నది పెద్ద ప్రశ్న. వెనకటి రోజుల్లో మన మెట్టసీమలో బండి తోలుకుపోయేవాళ్లకు ఎక్కడ దిగాలన్నది అంతే పెద్ద ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలకూ దాదాపు ఒకే కాలంలో ఇద్దరు మనుషులు రెండు పుస్తకాలు రాశారు. వాటిని పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకు చాలాకాలంగా ఇష్టమైన పని.

ఒకటి తెలుగువాళ్లకు బాగా తెలిసినదే, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న వీరాస్వామయ్యగారు 1830 మే 18న పరివారంతో బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరారు. కలకత్తా, జగన్నాథం, విశాఖపట్నం, నెల్లూరు దారిన తిరిగివచ్చి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారిలో రాసి పంపిన సంగతులను కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె 1838లో అచ్చు వేయించారు. రెండోది జేమ్స్ హార్స్‌బర్గ్ ఓడదారి పుస్తకం. 1809–11 మధ్య తొలిసారి వెలువడి, తరువాత ఇండియా డైరెక్టరీ అన్న పేరుతో కూర్పు తరువాత కూర్పుగా సరిదిద్దుకుంటూ వచ్చింది. హార్స్‌బర్గ్ స్కాట్లండు దేశస్థుడు. 1786లో తాను పనిచేస్తున్న అట్లాస్ అనే ఓడ తప్పు పటాన్ని నమ్మి డియేగో గార్షియా దీవి మీద పగిలిపోవడం కళ్లారా చూసినవాడు. 1810 నుంచి ఈస్టిండియా కంపెనీకి సముద్రపటాల అధికారిగా ఉన్నాడు. ఈ ఇద్దరూ పోయింది ఒకే సంవత్సరం, 1836లో.

కలకత్తానుంచి చెన్నపట్నానికి వీరాస్వామయ్యగారు నేలమీదుగా వచ్చారు. అంటే గంజాంనుంచి కిందికి ఆయన నడిచిన దేశమంతా హార్స్‌బర్గ్ పుస్తకంలో ఓడమీదినుంచి కనబడే దేశమే. ఒకరు తీరాన్ని పడమటివైపునుంచి చూస్తున్నారు, ఒకరు తూర్పువైపునుంచి. ఒకరికి నది అంటే దాటవలసిన అడ్డం. రేవులో పడవ ఉందా, ప్రవాహం ఎంత, అవతలి గట్టున బస దొరుకుతుందా అని ఆరా తీస్తారు. మరొకరికి నది అంటే మొగ. నీళ్ల రంగు ఎంతదూరం మారుతుంది, అలలు ఎక్కడ విరుగుతున్నాయి, ఇసుకమేట ఎంతవరకు సాగింది అని చెబుతాడు. గోదావరి, కృష్ణ, పెన్న ఇద్దరి పుస్తకాల్లోనూ ఉన్నాయి. ఒకే నదికి అంత వేరువేరు ముఖాలు ఉండడం చదువరిని ఆపి ఆలోచింపజేస్తుంది.

మంచి మజిలీకి ఏం కావాలో మన ప్రాంతపు పెద్దవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. మంచినీళ్లు, నీడ, ఎద్దులకు మేత, వంటచెరకు, దొంగల భయం లేకపోవడం, తెల్లవారకముందే మళ్లీ బాట పట్టే వీలు. వీరాస్వామయ్యగారు ప్రతి ఊరికీ ఇవే అడుగుతారు. బావి ఉందా, చెరువు ఉందా, అంగళ్లు ఉన్నాయా, దిగడానికి సత్రమో చావడో తోపో ఉందా, ముందున్న బాట రాతిదా ఇసుకదా. ఇలా ఊరూరా అడిగి రాసుకున్నవాడు ఆయనకు ముందు తెలుగులో నాకు కనబడలేదు. లంగరు చోటుకు కావలసినవీ ఇంచుమించు ఇలాంటివే. గాలికీ అలకూ అడ్డు ఉండాలి. లోతు మరీ ఎక్కువ కాకూడదు, మరీ తక్కువా కాకూడదు. గాలి తిరిగినప్పుడు పడవ లంగరు చుట్టూ తిరగడానికి చోటుండాలి. అన్నిటికంటే ముఖ్యం, అర్ధరాత్రి పరిస్థితి చెడితే చీకట్లోనే బయటపడే దారి ఉండాలి. బయటికి దారి లేని చోటు ఎంత ప్రశాంతంగా కనబడినా నావికుడు దాన్ని నమ్మడు.

అయితే అడుగు నేల విషయంలో రెండు సంప్రదాయాలూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. పాతకాలపు నావికుడు లోతు చూసే సీసపు గుండు అడుగున చిన్న గుంట ఉండేది. అందులో కొవ్వు మెత్తి తాడుతో దించితే ఎన్ని బారల లోతో తెలియడమే కాక, అడుగున ఉన్న బురదో ఇసుకో గవ్వపెంకులో కొవ్వుకు అంటుకుని పైకి వచ్చేవి. హార్స్‌బర్గ్ పుస్తకం నిండా ఈ అడుగు నేలల ముచ్చటే. జిగట బురద అయితే లంగరు దిగబడి పట్టుకుంటుంది. గట్టి ఇసుకా ఫరవాలేదు. బండ అయితే లంగరు జారుతుంది, లేదా సందులో ఇరుక్కుని మళ్లీ రాదు. బండి తోలేవాడి లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. రేగడిలో వాన పడితే చక్రం ఇరుసుదాకా దిగిపోతుంది, అక్కడ మజిలీ చేస్తే మరునాడు ఎద్దులు లేవలేవు. మదనపల్లె చుట్టుపక్కల ఉండే ఎర్రనేల, గరపనేల అయితే గంటలో ఆరిపోతుంది, అదే మంచి దిగుడు. ఒకరికి కావలసింది పట్టుకునే నేల, మరొకరికి కావలసింది వదిలిపెట్టే నేల. అయినా దిగబోయే ముందు నేల ఎలాంటిదో ఎరగాలన్న పట్టు ఇద్దరిదీ ఒకటే.

పొద్దు విషయంలోనూ ఇదే వరస. మెట్టసీమ బండ్లు వేసవిలో రాత్రి నడిచేవి, పగలు చెట్టుకింద ఆగేవి. చీకట్లోనైనా బాట ఎద్దులకు తెలుసు, ఎండను మాత్రం తట్టుకోలేవు. పడవ అలా కాదు. రాత్రంతా నడిసముద్రంలో నిశ్చింతగా సాగుతుంది, తీరం చేరేది మాత్రం పగటి వెలుగులోనే. మెట్టమీద పుట్టిన మనకు సముద్రమంటే భయం, నేల అంటే ధైర్యం. నావికుడికి లోతునీళ్లంటే ధైర్యం, నేల దగ్గరపడుతోందంటే భయం. తుఫాను సూచన వస్తే తీరానికి దగ్గరలో ఉన్న ఓడ చేసే మొదటి పని తీరానికి వీలైనంత దూరంగా పోవడమే.

ఇక కొండల సంగతి. నగరి కొండల్లో ముక్కులా పొడుచుకొచ్చిన శిఖరం సుమారు 2,800 అడుగులు. ఆ దారిన తిరుపతికి పోయేవాళ్లందరూ దాన్ని చూసినవాళ్లే. ఆ ముక్కు చెన్నపట్నం చేరబోయే ఓడలకు కూడా గుర్తు. తీరం అంతా తాటిచెట్ల ఎత్తులో ఒకే గీతగా ఉన్నచోట, లోపల ఎక్కడో నిలబడిన కొండ మాత్రమే ఓడ ఎక్కడ ఉందో చెప్పగలదు. మన వైపు కొండ ఒకటి సముద్రం మీద బతికేవాళ్ల లెక్కల్లో ఇంతకాలం ఉందని మనలో చాలామందికి తెలియదు. తీరం వెంట చేపలు పట్టే పట్టపువాళ్లు కూడా ఇలాగే కొండనూ గుడినీ, లేదా చెట్టునూ మిట్టనూ ఒకే గీతలోకి తెచ్చుకుని తమ చోటు పోల్చుకుంటారు. రెండు గుర్తులు ఒకదాని వెనక ఒకటి వస్తే ఒక గీత, మరో రెండు గుర్తులతో మరో గీత. ఆ రెండు గీతలు కలిసేచోటే తాము ఉన్నది. లంగరు వేసిన తరువాత కూడా పని ఇదే. గంటగంటకూ ఆ గుర్తులు చూసుకోవాలి. గీతలు తప్పాయంటే లంగరు జారుతోందని అర్థం.

పెన్న మొగకు దక్షిణంగా దిగితే కృష్ణపట్నం, ఆపైన దుగరాజపట్నం వస్తాయి. ఇంగ్లీషువాళ్లు ఆర్మగాన్ అని పిలిచిన ఊరు ఇదే. 1620ల్లో వాళ్లు ఇక్కడ వర్తకపు కోట కట్టుకున్నారు. ఎదురుగా సముద్రంలో పొడవాటి ఇసుకతిప్ప ఒకటి మునిగి ఉంది. తెలియక దానిమీదికి పోయిన ఓడకు చేటే. అయితే బయటినుంచి వచ్చే పెద్ద అల ఆ తిప్పమీద విరిగి బలం కోల్పోతుంది కాబట్టి, దాని వెనక్కి చేరిన ఓడకు ఆ తిప్పే ప్రాకారం. తరువాతి కాలపు నావికులు ఆ చోటుకు బ్లాక్‌వుడ్ హార్బరు అని పేరు కూడా పెట్టుకున్నారు. గోడ లేదు, కట్ట లేదు. ఓడలను పగలగొట్టే ఇసుకే ఓడలను కాపాడుతుంది.

దీనికి సాటి మన దగ్గర ఉంది. పుంగనూరునుంచి కుప్పందాకా బాటకు ఇరుపక్కలా గుట్టలు. దున్నడానికి పనికిరాని బండగుట్టలు. అయితే వాటిమీద పడిన వాన ఇంకకుండా జారి కిందికి వస్తుంది కాబట్టే ఆ గుట్టల పాదాన చెరువులు నిలిచాయి. చెరువు ఉంది కాబట్టి ఊరు, ఊరు ఉంది కాబట్టి మజిలీ. సేద్యానికి అడ్డమైన రాయే బాటసారికి నీళ్లు పెట్టింది. పోలిక ఇంతవరకు బాగా కుదురుతుంది. తేడా కూడా ఇక్కడే. చెరువు మనిషి కట్టినది. ఎవరో రాజో పాళెగాడో ఊరివాళ్లో కట్ట వేశారు, తూము పెట్టారు, ఏటేటా పూడిక తీశారు. మజిలీ అన్నది తరతరాలుగా మనుషులు చేసుకుంటూ వచ్చిన వస్తువు. లంగరు చోటు అలా కాదు, ఉన్నదాన్ని వెతుక్కోవాలి. హార్స్‌బర్గ్ ఎన్ని కూర్పులు వేసినా ఒక్క అడుగు లోతు పెంచలేడు. అందుకే ఆయన వాక్యాల్లో ఒక అణకువ ఉంటుంది. వీరాస్వామయ్యగారి వాక్యాల్లో అలాంటి అణకువ ఉండనక్కర్లేదు. బస బాగాలేకపోతే బాగాలేదని, కట్టించవలసినవాళ్లు కట్టించలేదని ఆయన చెప్పగలరు.

ఆర్మగాన్ కథకు కొనసాగింపు ఒకటి ఉంది. తిప్ప వెనక ఓడలు నిలవడానికి వీలున్న ఆ చోటును ఇంగ్లీషువాళ్లు ఎక్కువకాలం ఉంచుకోలేదు. వెనకనున్న సీమలో తమకు కావలసిన బట్టలు కావలసిన ధరకు దొరకలేదు. 1639లో దామెర్ల నాయకులనుంచి మద్రాసపట్నం అనుమతి పొంది దక్షిణానికి మారిపోయారు. ఓడల కంటితో చూస్తే అది మంచి చోటునుంచి చెడ్డ చోటుకు పోవడమే. చెన్నపట్నం ముందు సముద్రానికి ఏ అడ్డూ లేదు. ఓడలు తీరానికి దూరంగా ఊగుతూ నిలబడితే, మేకులు లేకుండా తాళ్లతో కుట్టిన మసూలా పడవలు అలల్లో వంగుతూ లేస్తూ సరుకునూ మనుషులనూ గట్టుకు చేర్చేవి. అయినా అక్కడే మహానగరం లేచింది. ఓడకు ఇచ్చే ఆశ్రయంకంటే, వెనకనున్న సీమలో సాలెవాళ్లు, బాటలు, ఎద్దుల బిడారులు, మజిలీలు ఎక్కువ బరువు తూగాయి. మజిలీ బలమైనచోట లంగరు బలహీనతను కూడా వర్తకులు భరించారు. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టకపోతే ఈ సంగతి నాకు ఇంత స్పష్టంగా తెలిసేది కాదు.

ఈ తీరంలో చోటు మంచిదా కాదా అన్నది నెలను బట్టి మారుతుంది. నైరుతి గాలులప్పుడు చెన్నపట్నం ముందు ఓడ నిలబడవచ్చు, గాలి చాలావరకు నేలవైపునుంచే వస్తుంది. అక్టోబరు నడిమినుంచి డిసెంబరు నడిమిదాకా ఈశాన్యపు గాలి, తుఫాన్లు నేరుగా తీరంమీదికి తోస్తాయి. 1746 సెప్టెంబరులో పట్నాన్ని పట్టుకున్న ఫ్రెంచి సేనాని లాబూర్‌దొనే ఓడల దండు అక్టోబరులో అక్కడ నిలిచి తుఫానుకు చిక్కింది. కొన్ని ఓడలు మునిగాయి, మిగిలినవి కొయ్యలు విరిగి చెల్లాచెదురయ్యాయి. అందుకే హార్స్‌బర్గ్ ఏ చోటు గురించి చెప్పినా ఏ గాలికి, ఏ నెలలో అన్నది విడిచిపెట్టడు. వీరాస్వామయ్యగారి పుస్తకంలో నెల ఇంత కొట్టొచ్చినట్టు కనబడదు. ఆయన వెళ్లిన రోజున ఉన్నదే రాశారు. ఆ ఊరి బావి ఏప్రిల్లో ఎలా ఉంటుందో, మరో ఏడు వచ్చేవాడు తానే తెలుసుకోవాలి. ఇది ఆయన పుస్తకపు లోటని నేను అనను. ఒక్కసారి నడిచిన మనిషి చూసింది చూసినట్టు రాయడం నిజాయితీ. హార్స్‌బర్గ్‌కు వందలాది ఓడల దినచర్యలు చేతిలో ఉన్నాయి, ఏడాది పొడుగునా చెప్పగలిగాడు.

మన మెట్టకు మాత్రం ఈ నెలల లెక్క ఇంకోలా తిరుగుతుంది. తీరాన్ని ఓడలకు పనికిరాకుండా చేసే ఆ అక్టోబరు, నవంబరు తుఫాన్లే కొండలెక్కి వచ్చి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు చెరువులను నింపుతాయి. సముద్రంమీద లంగరు తెగిన రాత్రే ఇక్కడ తూము మీదికి నీళ్లొచ్చిన రాత్రి కావచ్చు. మార్చి, ఏప్రిల్ నెలల్లో సముద్రం నెమ్మదించి పడవకు హాయి అయితే, ఇక్కడ చెరువు అడుగు బీటలు వారి మజిలీలు ఒక్కొక్కటే మూతపడతాయి. తీరంనుంచి ఉప్పు మోసుకొచ్చిన ఉప్పు ఎరుకలవాళ్లు, ఎద్దులమీద బరువులు వేసుకుని తిరిగిన లంబాడీలు ఈ రెండు లెక్కలూ ఎరిగినవాళ్లు. ఏ నెలలో ఉప్పుకొటార్లు తెరుచుకుంటాయో, ఏ నెలదాకా ఏ వాగులో నీళ్లుంటాయో తెలియకుండా వాళ్ల బతుకు సాగదు. వాళ్లలో ఎవరూ పుస్తకం రాయలేదు.

క్షేమమన్న చోటే ప్రాణాంతకమైన సంగతులు రెండు వైపులా ఉన్నాయి. గోదావరి మొగకు ఉత్తరాన ఉన్న కోరంగి ఈ తీరంలో ఓడలకు దొరికిన మంచి ఆశ్రయాల్లో ఒకటి. ఓడలు అక్కడికి మరమ్మతుకు కూడా వచ్చేవి. దక్షిణపు గాలికీ అలకూ గోదావరి తెచ్చిపోసిన నేలే అడ్డు. అయితే తుఫాను సముద్రాన్ని ఎగదోసినప్పుడు ఆ లోపలి నీళ్లకు పోయే దారి ఉండదు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి ఉప్పెన ఊరిని తుడిచిపెట్టింది. రెండోసారి వచ్చేనాటికి మన రచయితలిద్దరూ లేరు. కాశీయాత్ర చరిత్ర అచ్చయి ఏడాదే అయింది. మన వైపు చూస్తే, 2021 నవంబరులో చెయ్యేటిమీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకుపోయింది. దిగువ పల్లెలు మునిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ నీళ్లలో మదనపల్లె బాహుదా నీళ్లూ ఉన్నాయి. గట్టును నమ్మి కట్టకింద నిద్రపోయినవాళ్లూ, అడ్డును నమ్మి కోరంగిలో ఓడ కట్టినవాళ్లూ ఒకే తీరున నష్టపోయారు. అందుకే, ఇప్పుడు కాలక్షేపంగా తెరచాప పడవల్లో తిరిగేవాళ్లు కూడా మూడువైపులా మూసుకున్న చోటు కనబడగానే సంతోషించరు. నాలుగోవైపు ఏ దిక్కుకు తెరుచుకుని ఉందని ముందు అడుగుతారు. లోతుకు అయిదింతల గొలుసు వదులుతారు, గాలి పెరిగితే ఇంకా వదులుతారు. రాత్రి ఒకరైనా మేలుకుని ఉంటారు.

రచనగా ఈ రెండింటినీ తూచడం అంత సులువు కాదు. హార్స్‌బర్గ్ వచనం పొడి వచనం. అక్షాంశం, బారలు, దిక్కు, నెల. మనిషి ఎక్కడా కనబడడు. అయినా పది పుటలు చదివేసరికి ఆ పొడితనం వెనక ఒక ఆత్రం తెలుస్తుంది, అట్లాస్ ఓడకు జరిగింది ఇంకో ఓడకు జరగకూడదన్న ఆత్రం. వీరాస్వామయ్యగారి వచనం అందుకు పూర్తిగా వేరు. హిందూస్తానీ మాటలు, ఇంగ్లీషు మాటలు కలిసిన పట్నపు వాడుక తెలుగు. నడుమ వేదాంతం, ధరలు, ఆచారాలు, దొరల పాలన, తన అభిప్రాయాలు. ఒక ఊరి బావి దగ్గర మొదలైన వాక్యం జాతులమీదికో దైవంమీదికో పోయి తిరిగి బావి దగ్గరికి వస్తుంది. సాయంకాలం తీరికగా చదవడానికి నేను ఎప్పుడూ ఈ పుస్తకమే తీస్తాను. ప్రాణంమీదికి వచ్చినప్పుడు చేతిలో ఉండవలసింది మాత్రం హార్స్‌బర్గ్ పుస్తకమే.

అయితే లోపల ఇద్దరి పనితనం ఒకటే. దుబాసీ కోర్టులో రోజూ చేసేది ఏమిటి? సాక్షి మాటను విని, అందులో చూసినదెంత, విన్నదెంత, ఊహించినదెంత అని మనసులో వేరుచేసుకుని మరో భాషలో నిలబెట్టడం. హార్స్‌బర్గ్ చేసిందీ అదే. ఒక కెప్టెన్ ఇక్కడ తిప్ప ఉందంటాడు, మరొకడు లేదంటాడు. ఇద్దరి దినచర్యలూ ముందు పెట్టుకుని ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో తేల్చాలి. దారి చెప్పే పుస్తకం రాసినవాడు ముందు మంచి సాక్ష్యపరీక్షకుడు. ఈ గుణం ఉంది కాబట్టే రెండు పుస్తకాలూ నిలిచాయి.

ఇద్దరి చూపుకూ హద్దులున్నాయి, అవి కూడా చెప్పాలి. కాశీయాత్ర చరిత్రలో బ్రాహ్మణ గృహాలు ఎన్ని, అగ్రహారం ఎక్కడ అన్నదానికి పెద్ద చోటు. పల్లకీ మోసిన బోయీలు ఎక్కడ పడుకున్నారో అంత వివరంగా తెలియదు. మన సత్రాలు కూడా అలాగే ఉండేవి. లోపల ఎవరు దిగాలి, వసారాలో ఎవరు, బయట చెట్టుకింద ఎవరు అని కులం చెప్పేది. అందరికీ సమంగా దొరికింది చెట్టు నీడ ఒక్కటే కావచ్చు. సముద్రపు అడుగు లంగరు వేసినవాడి కులం అడగదు. అయితే హార్స్‌బర్గ్ పుస్తకంలోనూ తీరపు మనుషులు పేరులేనివాళ్లే. మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి, గొడ్లు ఎక్కడ కొనవచ్చు అన్నచోట మాత్రం వస్తారు. అలలు దాటించిన మసూలా పడవవాళ్లు, కట్టుమరంమీద వెళ్లి ఉత్తరాలు అందించినవాళ్లు, తిప్పల ఆనవాళ్లు చెప్పిన పట్టపువాళ్లు, ఒక్కరి పేరూ ఉండదు. ఈ విషయంలో ఇద్దరిలో ఎవరినీ వెనకేసుకు రాలేను.

ఆ తరువాతి కాలం రెండు విద్యలనూ దాదాపు ఒకేసారి పక్కకు నెట్టింది. 1864లో చెన్నపట్నంనుంచి బెంగుళూరుకు రైలు కుప్పం మీదుగా నడిచింది. బండ్ల మజిలీలు పలచబడ్డాయి. 1875 డిసెంబరులో చెన్నపట్నం రేవుకు శంకుస్థాపన జరిగింది. సగం లేచిన గోడలను 1881 నవంబరు తుఫాను పగలగొట్టినా మళ్లీ కట్టారు. అప్పటినుంచి అక్కడ లంగరు చోటు కూడా, చెరువులాగే, మనిషి కట్టినదైపోయింది. దాని ఫలితం తీరమంతా కనబడుతుంది. అలలు ఏటా ఉత్తరానికి మోసే ఇసుక గోడకు దక్షిణాన ఆగి మెరీనా విశాలమైంది, ఉత్తరాన తీరం కోసుకుపోతోంది. గోదావరి మొగ దగ్గర ప్రకృతి దీనికి ఎదురు పని చేసింది. కోరంగి పూడిపోయింది, గత రెండు వందల ఏళ్లలో పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుకతిన్నె కాకినాడకు అడ్డుగోడ అయింది. హార్స్‌బర్గ్ చెప్పిన చోట్లలో కొన్ని ఇప్పుడు లేవు, ఆయన ఎరగని చోటు ఒకటి వచ్చింది. ఆర్మగాన్ తిప్పకు దక్షిణాన శ్రీహరికోట ఉంది. రాకెట్టు ఎగిరే వేళ ఆ సముద్రంలోకి పడవలను రానివ్వరు. 2014 విభజన చట్టంలో దుగరాజపట్నంలో పెద్ద రేవు కడతామన్నారు, అది కాగితంమీదే ఉండిపోయింది.

ఇప్పుడు విశాఖనుంచి చెన్నైకి చిన్న తెరచాప పడవలో వచ్చేవాళ్లకు కాకినాడ దాటాక కట్టిన రేవులే దిక్కు. పులికాట్ మొగలో, నదుల మొగల్లో ఇసుకమేటలు ఏటికేడు చోటు మారుతాయి. నీళ్లకింద రెండు మీటర్లు దిగే అడుగుదూలం ఉన్న పడవ వాటిమీదినుంచి లోపలికి పోలేదు. కాబట్టి తెలిసినవాళ్లు తీరానికి దూరంగా, లోతులో, రాత్రీపగలూ ఆగకుండా సాగిపోతారు. 2017 సెప్టెంబరులో గోవానుంచి బయలుదేరి 2018 మేలో తిరిగొచ్చిన తారిణి పడవమీద ఆరుగురు నౌకాదళ మహిళలు భూమి చుట్టి వచ్చారు. వాళ్లలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. అంత పెద్ద ప్రయాణంలో వాళ్లు ఆగిన రేవులు ఒక చేతి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అది వీరాస్వామయ్యగారి నడకకు పూర్తిగా వ్యతిరేకమైన ప్రయాణం. ఆయన రోజుకొక ఊళ్లో దిగారు. రెండింటిలో ఏది గొప్పదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రెండూ తెలిసినవాళ్ల మెలకువమీదే నడిచాయి.

ఒక్క విషయంలో మాత్రం తీర్పు చెప్పక తప్పదు. ఓడదారి పుస్తకాలను హార్స్‌బర్గ్ తరువాత కూడా సరిదిద్దుతూనే ఉన్నారు. తిప్ప కదిలితే నావికులకు ప్రకటన వస్తుంది, పటం మారుతుంది. మన మజిలీల పుస్తకాన్ని వీరాస్వామయ్యగారి తరువాత ఎవరూ సరిదిద్దలేదు. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు ఎంతో శ్రమపడి దాన్ని మళ్లీ అచ్చుకు తెచ్చారు. మూలాన్ని కాపాడడం అది. దాన్ని కొనసాగించే పని ఇంకా మిగిలే ఉంది. ఆయన నడవని దారులకు, అంటే మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం బాటకు అసలు పుస్తకమే లేదు. తెట్టు దగ్గర ఋషివ్యాలీకి స్థలం ఎంచుకున్నప్పుడు అక్కడి పాత మర్రిమాను జిడ్డు కృష్ణమూర్తిగారిని ఆకట్టుకుందని అందరికీ తెలుసు. అలాంటి మర్రిమాన్లు ఈ బాటపొడుగునా ఎన్ని ఉండేవో, వాటికింద ఏ ఊరి బండ్లు ఆగేవో ఎక్కడా రాసి లేదు.

కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మదనపల్లెలో నూరేళ్లు దాటిన దివ్యజ్ఞాన కళాశాల ఉంది. నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది. మొదటి రెండూ బాట వెంట చెరువులు, బావులు, సత్రాలు, చావళ్లు, తలమోపు దించుకునే రాతిబల్లలు ఎక్కడున్నాయో, ఏ నెలదాకా నీళ్లుంటాయో నమోదు చేయాలి. మూడోది పెన్న మొగనుంచి పులికాట్‌దాకా పట్టపువాళ్లు ఏ గుర్తులతో చోటు పోల్చుకుంటారో రాసిపెట్టాలి. ఇది ఒక్క పుస్తకంగా రావాలి, ఎందుకంటే ఉప్పు మోసినవాళ్లకు ఇది ఒక్క దారే. అంతవరకు చదువరులు ఆగనక్కర్లేదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో సంతకు బండి తోలిన తాత ఉంటే, ఎక్కడెక్కడ దిగేవాళ్లో, నీళ్లు ఎక్కడ తాగేవాళ్లో, ఎవరు చోటిచ్చేవాళ్లో, ఎవరు ఇవ్వలేదో అడిగి, ఊరి పేరు, నెల పేరు తప్పకుండా వేసి రాసిపెట్టండి.